వినుచునే పలుకుట

శ్రోతలారా, ముందుగా మీకొక చిన్న పరీక్ష. నేనిపుడు పలుకుచున్న మాటలను మీరు వినుచునే, నేను ఆగువరకు వేచియుండక, మీ ప్రక్కనున్నవారికి మీకు వచ్చిన మరియొక భాషలో చెప్పుచు రండు. హిందీయైనను సరియే, ఇంగ్లీషైనను సరియే. వేరు భాష రానివారు తెలుగులోనే, నా మాటలు వాడక, అదే భావమును తమ మాటలలో చెప్పవచ్చును. అర నిమిషము చాలును. మొదటి వాక్యము సులభముగనే గడచును. రెండవ వాక్యము వచ్చునప్పటికి మీరింకను మొదటిదాని తుదిలో చిక్కుకొనియుందురు. మూడవది మీకు వినబడదు. చెవికి లోపమేమియు లేదు. నోరు ఒక పనిలో నున్నంతసేపు మనస్సు వినుట మానుకొనినది, అంతే.

ఈ పనినే జీవనవృత్తిగ జేసికొనినవారు కలరు. ఢిల్లీలో పార్లమెంటు సభలయందును, న్యూయార్కులో ఐక్యరాజ్యసమితియందును వారు గాజుపలకల గదులలో కూర్చుండి, చెవులకు శ్రవణయంత్రములు తగిలించుకొని, వక్త పలుకుచుండగనే ఆతని మాటలను వేరొక భాషలో పలుకుచుందురు. దీనికి ఏకకాలానువాదమని పేరు. అనువాదవిద్య నభ్యసించు విద్యార్థులకు ఇంతకంటె కష్టమైన పాఠము లేదు. రెండు భాషలు బాగుగ వచ్చినవానికి ఇది తనంతట తానే వచ్చునని లోకుల నమ్మిక. రాదు. ఏల రాదో, ఏ మనశ్శక్తులు అలవడినచో వచ్చునో, నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

ఇట్టివానికి మన దేశమున పాత పేరు దుబాసీ. ద్విభాషి యను మాటయే వాడుకలో అరిగి దుబాసీ అయినది. మా చల్లపల్లివారికి దగ్గరి పట్టణమైన బందరు ఒకప్పుడు దుబాసీల కాణాచి. డచ్చివారు వచ్చిన కొలది సంవత్సరములకు, 1611లో, ఇంగ్లీషు కంపెనీవారు ఆ రేవున దిగిరి. వారికి తెలుగు రాదు, పార్శీ రాదు. మన నేతగాండ్రకు, కోమట్లకు వారి భాష రాదు. నడుమ దుబాసీ నిలిచెను. ఆతడు వట్టి భాషాంతరకారుడు కాడు, బేరము కుదుర్చువాడు కూడ. అందుచేతనే ఆ పేరునకు సొమ్ముతోపాటు కొంత అపనిందయు అంటినది. తరువాత న్యాయస్థానములు వచ్చినవి, దుబాసీకి గౌరవమును వచ్చినది. 1830లో కాశీయాత్రకు బయలుదేరునాటికి ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఈ యుద్యోగమున నుండిరి. సదరు అదాలతులో వెన్నెలకంటి సుబ్బారావుగారు ఇదే పని చేసిరి. ఆయన ఇంగ్లీషులో వ్రాసికొనిన స్వీయచరిత్రము 1873లో అచ్చుపడినది. గాంధీమహాత్ముడు ఆంధ్రదేశమున పర్యటించినపుడు ఆయన ఉపన్యాసములను సభలకు తెనిగించి వినిపించినవారిలో దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులుగారు ఒకరు.

అయితే వీరందరును వక్త ఆగిన పిమ్మట పలికినవారే. సాక్షి ఒక ముక్క చెప్పును, ఆగును, దుబాసీ అందుకొనును. వక్తతోడనే పలుకు పద్ధతి తంతులును చెవియంత్రములును వచ్చినతరువాతది. 1920 దశకమున జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థవారి సభలలో దీనిని పరీక్షించి చూచిరి. కాని ఇది నిజముగ జరుగు పనియేయని ప్రపంచమునకు రుజువైనది న్యూరెంబర్గు నగరములో. 1945 నవంబరు 20న అక్కడ నాజీ నాయకుల విచారణ ఆరంభమయ్యెను. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను - నాలుగు భాషలు. ప్రతి మాటను ఆగి ఆగి మూడుసార్లు తిరుగజెప్పించినచో ఆ విచారణ ఎన్నటికి తెమలును? అందుచేత నాలుగు భాషలును ఒక్కమారే నడచునట్లు ఏర్పాటు చేసిరి. వక్త త్వరపడినచో పసుపుపచ్చని దీపము వెలుగును, ఆగవలసివచ్చినచో ఎఱ్ఱదీపము. మన లోకసభలో హిందీ, ఇంగ్లీషుల నడుమ ఈ పద్ధతి 1964లో మొదలైనది. 2018 నుండి రాజ్యసభలో సభ్యుడు రాజ్యాంగమందలి 22 భాషలలో దేనియందు మాటలాడదలచినను అనువాదమునకు ఏర్పాటు కలదు.

ఇక ఆ గాజుగదిలో కూర్చున్నవాని మనస్సులో ఏమి జరుగుచున్నదో చూతము. ఫ్రాన్సు దేశీయుడు డేనియల్ జీల్ అను పండితుడు తానును ఈ వృత్తిలోనివాడై, 1980 తరువాతి సంవత్సరములలో దీనిని మూడు శ్రమలుగ విడదీసి చూపెను. విని అర్థము చేసికొనుట ఒకటి. అర్థమైనదానిని పలుకు వేళ వచ్చువరకు నిలుపుకొనుట రెండవది. వేరొక భాషలో పలుకుట మూడవది. ఈ మూడును ఒకదాని నొకటి త్రొక్కకుండ నడపుట నాలుగవ పని. మనుష్యుని అవధానము మేరగలది. మన డెల్టా రైతులకు ఈ సంగతి పుస్తకములు లేకయే తెలియును. కాలువలో వచ్చు నీరు ఇంతయే. పై బోదె కొల్లగ త్రాగినచో శివారు చేనికి అందదు. జీల్ కనిపెట్టిన ముఖ్యవిషయము కూడ ఇదియే. కష్టమైన మాట వచ్చినచోట దుబాసీ తప్పకపోవచ్చును. బలమంతయు పెట్టి దానిని దాటును. ఆ వెనుక వచ్చిన తేలిక వాక్యము, చిన్నపిల్లవాడైనను చెప్పగలది, ఆతని చేతినుండి జారిపోవును. ఎండినది మొదటి చేను కాదు, చివరిది.

నిలుపుకొనుట యను రెండవ శ్రమను గూర్చి కొంచెము వివరించవలెను, ఏలయనగా విద్యార్థులు ఎక్కువగ పొరబడునది ఇక్కడనే. ఎవరైన మనకొక టెలిఫోను నెంబరు చెప్పినపుడు మనమేమి చేయుదుము? కాగితము దొరకువరకు దానిని లోలోపల జపించుచుందుము. అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అను బ్రిటిషు మనశ్శాస్త్రజ్ఞులు 1974లో ఈ అల్పకాలపు జ్ఞాపకమును గూర్చి యొక సిద్ధాంతము చేసిరి. విన్న ధ్వని మనస్సులో సుమారు రెండు సెకనులకు మించి నిలువదు. లోపలి జపము సాగినంతసేపే నిలుచును. మనుష్యునిచేత ఆ సమయమున వేరు మాటలు పలికించినచో జపము నిలిచిపోవును, ధ్వని చెదరిపోవును. ఇప్పుడు దుబాసీ స్థితి చూడుడు. ఆతని నాలుక నిరంతరము వేరు మాటలకు లొంగియున్నది. జపించుటకు వీలు లేదు. కాబట్టి మాటలను మాటలుగ దాచుకొనుటకు ఆతనికి చోటే లేదు. అర్థముగ మారినది నిలుచును, మారనిది పోవును. పారిసు నగరమున ఎందరకో ఈ విద్య గరపిన దానిత్సా సెలెస్కోవిచ్ అను విదుషి చెప్పినదియు ఇదియే: మాటల తొడుగును వదలించి భావమును పట్టుకొనవలెను. వినుటకు ఇది వేదాంతమువలె నుండును. కాని దీనిలో వేదాంతమేమియు లేదు, ఇరుకైన చోటులో సామాను సర్దుకొనుట మాత్రమే కలదు.

అయినచో ఎంతసేపు విని పలుకవలెను? వక్తకును దుబాసీకిని నడుమ సాధారణముగ రెండు మొదలు నాలుగు సెకనుల యెడముండును. మరీ దగ్గరగ పోయినచో వాక్యము ఎటు తిరుగునో తెలియకమునుపే నోరు జారును. మరీ వెనుకబడినచో మోయవలసిన బరువు పెరిగి సగము దారిలో పడిపోవును. ఈ యెడమును పెంచుట, తగ్గించుట, ఎచ్చట పెంచవలెనో ఎచ్చట తగ్గించవలెనో ఎరుగుట - నా మట్టుకు ఈ విద్యయంతయు ఇందులోనే యున్నది. తక్కిన శక్తులన్నియు దీనికి పరిచారికలు.

తెలుగునుండి ఇంగ్లీషునకు పోవువానికి ఈ యెడము ప్రాణసంకటము. మన క్రియ వాక్యాంతమున వచ్చును. "రేపు మా ఊరి చెరువుగట్టుమీద జరుగబోవు సభకు మిమ్ములను" అనువరకు విన్నను, పిలుచుచున్నాడో, రావద్దనుచున్నాడో తెలియదు. న్యూరెంబర్గులో జర్మనునుండి ఇంగ్లీషు చేసినవారును జర్మను క్రియ తుదివరకు రాదని ఇట్లే వగచిరట. కాని మన భాషలో క్రియకంటె ఎక్కువ ప్రమాదకరమైన మాట ఇంకొకటి కలదు. అది "అని" అను రెండక్షరముల మాట. ఇంగ్లీషువాడు ముందుగ "అందరు అనుకొనుచున్నారు" అని చెప్పి, ఏమనుకొనుచున్నారో తరువాత చెప్పును. మనము అనుకొనుచున్న సంగతినంతయు మొదట నిజమువలె చెప్పివేసి, ఆమీద "అని" చేర్చి, అది ఎవరి మాటయో, నమ్మదగినదో కాదో చివరకు తేల్చుదుము. తొందరపాటు దుబాసీ ఈ "అని" రాకమునుపే ఒరులమాటను నిజముగ ప్రకటించివేయును.

ఇది పుస్తకములో చదివి చెప్పుట లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు నేను కాలేజీ విద్యార్థిని. సర్కారు లెక్కలలోనే 10,000 మంది దాక పోయిరి. సాయము చేయవచ్చినవారిలో తెలుగు రానివారు పెక్కండ్రు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన కుఱ్ఱవానికెల్ల అప్పుడు పని దొరికినది. నన్నొక వైద్యుని వెంట పంపిరి. ఆయన గాయములు చూచుచు, ఏ యింట ఎవరు మిగిలిరో ఎవరు పోయిరో ఒక పుస్తకములో వ్రాసికొనుచుండెను. చూడవలసినవారు వందలకొలది యుండుటచే, కాలము కలిసివచ్చునని, జనులు చెప్పుచుండగనే నేను ఆయన చెవిలో ఇంగ్లీషు చెప్ప మొదలిడితిని. దానికొక పేరున్నదని నాకప్పటికి తెలియదు.

సముద్రమునకు దగ్గరి యొక పల్లెలో ఒక ముసలమ్మ చెప్పెను: "మా పెద్దోడు ఆ రాత్రి ఇంట్లోనే పడుకున్నాడని అందరూ అంటన్నారు గానీ, వాడు పొద్దుగూకకముందే చల్లపల్లి వెళ్లాడు బాబూ." ఆమె "పడుకున్నాడ" అనునప్పటికే నేను, పెద్దకుమారుడు ఆ రాత్రి ఇంటిలో నిద్రించుచుండెనని చెప్పివేసితిని. ఇల్లు లేదు, కన్నుల యెదుట నేల మాత్రమే యున్నది. వైద్యుడు వేరు ప్రశ్న అడుగక పోయినవారి వరుసలో ఒక గీత గీచెను. ఒక్క క్షణమునకు "అని" వచ్చెను, "గానీ" వచ్చెను, చల్లపల్లి వచ్చెను. నేను తడబడి, కాదు కాదని సరిదిద్ద మొదలిడితిని. గీత కొట్టివేయించితిని. ఆ సరిదిద్దుటలో ఆమె తరువాత చెప్పిన వాక్యము నా చెవిని బడలేదు. అది ఆమె మనుమరాలిని గూర్చినది. ఆమె నా ముఖము చూచి, "ఏం బాబూ, ఆయనకి చెప్పలేదా?" అనెను. మరల చెప్పుమని అడుగవలసివచ్చెను. ఒకసారి చెప్పుటకే ఆమెకు గొంతు రాని సంగతిని నేను ఆమెచేత రెండవసారి చెప్పించితిని.

పై బోదె, శివారు చేను అని ఇంతకుముందు నేను చెప్పినది ఇదియే. జీల్ గ్రంథము నేను చదివినది చాల యేండ్ల తరువాత. చదువుచుండగా నాకు ఆ గట్టుమీది మధ్యాహ్నమే జ్ఞప్తికి వచ్చినది.

మనవారికి ఇట్టి మనశ్శక్తి అనగానే అవధానులు స్ఫురింతురు. బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగ నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, తమ జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి, శతావధానములతో ఆంధ్రదేశమును ఊపివేసినవారు. అష్టావధానములో ఒకడు సమస్య నిచ్చును, ఒకడు అక్షరములను వరుస తప్పించి అందించును, ఒకడు గంటలు కొట్టును, ఒకడు అప్రస్తుతప్రసంగముతో చీకాకుపరచును. అవధాని అన్నిటికిని బదులు చెప్పుచు పద్యములను కట్టి, తుదకు అన్నిటిని వరుసగ ధారణ చేయును. అవధానము అభ్యసించినవానికి దుబాసీ పని నల్లేరుపై బండినడక యని కొందరందురు. నేనంత సులభముగ ఒప్పుకొనను. అవధానికి ఛందస్సు తోడుగ నున్నది; యతిప్రాసలు మరచిన మాటను పిలిచి తెచ్చును. పృచ్ఛకులు వంతులవారీగ వత్తురు. అవధాని ఒక చరణము చెప్పి నిలువవచ్చును. దుబాసీకి వేగము తన చేతిలో లేదు. అంతకంటె పెద్ద భేదము మరియొకటి కలదు. అవధాని గొప్పతనము చివరివరకు నిలుపుకొనుటలో నున్నది. దుబాసీ గొప్పతనము పలికిన మరుక్షణమున విడిచిపెట్టుటలో నున్నది. విడువనిచో క్రొత్తదానికి చోటుండదు. రెండుగంటలసేపు అద్భుతముగ అనువదించిన వానిని, వక్త ఏమి చెప్పెనని తరువాత అడిగినచో తెల్లబోవుట కద్దు. అది మతిమరుపు కాదు.

అనువాదము చదువుకొనుచున్న విద్యార్థులు కొందరు సెలవులకు వచ్చినపుడు చల్లపల్లిలో మా వసారాలో సాధన చేయుదురు. మొదట నేను వారిచేత ఏకకాలానువాదము చేయించను. ఒకరు వార్తాపత్రికనుండి నాలుగు వాక్యములు చదువుదురు. విన్నవారు పత్రికలోని మాట ఒక్కటియు వాడక, తెలుగును తెలుగులోనే తిరిగి చెప్పవలెను. విదేశములందలి విద్యాలయములలో కొన్నిట, విన్నదానిని విన్న భాషలోనే వెంటవెంట నీడవలె పలుకుట మొదటి పాఠము. వినుటను పలుకుటను జతపరచుటకు అది పనికివచ్చును, నిజమే. కాని దానితోనే మొదలిడినచో చిలుకపలుకు అలవడునని నా భయము; చిలుక అర్థము చేసికొనదు గదా.

మా వసారాలో కూర్చున్న వారిలో ఇంగ్లీషు అందరికంటె బాగుగ వచ్చిన అమ్మాయి మొదటి నెల అందరికంటె తక్కువగ చేసినది. ప్రతి మాటకును సరియైన మాట ఆమెకు తెలియును, అదియే చిక్కు. దానిని వెదకుచు నిలుచును, వాక్యము దాటిపోవును. తెలియనివాడు పెద్దమాటకు బదులు చిన్నమాట వేసి ముందునకు సాగును. వదలుకొనుట నేర్చుకొనుటకు ఆమెకు మూడు నెలలు పట్టినది.

ఇంగ్లీషునుండి తెలుగునకు వచ్చునపుడు చిక్కులు వేరు. ఇంగ్లీషువాడు "ఒక మనిషి వచ్చెను" అని, ఆతడెవరో, ఎక్కడివాడో, ఎందులకు వచ్చెనో తోకవలె తగిలించుచు పోవును. తెలుగులో ఆ తోకయంతయు మనిషికి ముందుండవలెను. దానికొఱకు వేచియుండినచో మునుగును. కనుక వాక్యమును ముక్కలు చేయుట నేర్పుదును: "ఒక మనిషి వచ్చెను. ఆతడు బందరువాడు. అప్పు తీర్చుటకు వచ్చెను." అందము కొంత పోవును, అర్థము దక్కును. ఇంకొకటి, ఇంగ్లీషున "మేము"కును "మనము"కును ఒకే మాట. వక్త తనలో వినువారిని కలుపుకొనుచున్నాడో, వెలిగ నుంచుచున్నాడో దుబాసీ ఆ క్షణముననే తేల్చవలెను. "ఈ భూములు మేము తీసికొందుము" అనుటకును "మనము తీసికొందము" అనుటకును ఊళ్లో ఎంత భేదమో వేరుగ చెప్పనక్కరలేదు. నిఘంటువు ఇచ్చట సాయపడదు. ఎవరు ఎవరితో ఏ సందర్భమున మాటలాడుచున్నారో సభకు పోవుటకుముందే తెలిసికొనియుండవలెను. మంచి దుబాసీలు సభకు ముందురోజున ఎక్కువగ చదువుదురు, సభలో తక్కువగ ఆశ్చర్యపడుదురు.

అంకెలవద్ద మాత్రము ఎంతవారును తలవంచవలసినదే. వాక్యమైనచో ముందువెనుకలనుబట్టి ఊహింపవచ్చును. అంకెను ఊహించుటకు ఆధారము లేదు. దానిలో పట్టుకొనుటకు భావము లేదు, ధ్వని మాత్రమే కలదు. ధ్వని నిలువదని ఇదివరకే చెప్పితిని. అందులోను మనవి లక్షలు, కోట్లు, వారివి మిలియనులు. రెండున్నర మిలియనులని విన్నవాడు, వినుట ఆపక, పలుకుట ఆపక, 25 లక్షలని లెక్కకట్టవలెను. ఒక సున్న జారినచో ఎవరి పరిహారము ఎంత తగ్గునో!

అలసట మరియొక శత్రువు. అందుచేత గాజుగదిలో ఇద్దరుందురు. సుమారు అరగంట కొకరు వంతు మార్చుకొందురు. 1998లో జెనీవాకు చెందిన బార్బరా మోజర్-మెర్సర్ తన సహచరులతో కూడి ఒక ప్రయోగఫలితమును ప్రకటించెను. అనుభవము గల దుబాసీలను వంతు మార్చుకొననీయక అరగంటకు మించి పలికించి చూచిరి. తప్పులు పెరిగినవి. అందు వింత లేదు. తమ తప్పులు పెరుగుచున్నవని వారికి తెలియకపోవుటయే వింత. అలసిన అవధానము మొదట విడిచిపెట్టునది తన్ను తాను కనిపెట్టుకొనుటనే.

వంతు లేని ఆ రెండవవాడు ఊరక కూర్చుండడు. చేత పెన్సిలు పట్టుకొని, తానును వినుచు, వచ్చిన అంకెను, కొత్త పేరును పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాసి, పలుకుచున్నవాని కన్నుల ముందునకు జరుపుచుండును. ఆ కాగితమున్నచో మొదటివాడు అంకెను మోయనక్కరలేదు. చూచి చదువును, దిగిన బరువునంతయు వినుటపై పెట్టును. మా వసారాలోని పిల్లలు మొదట ఆ పనిని గుమాస్తా పనియని చిన్నచూపు చూచిరి. ఇప్పుడు ఇద్దరిద్దరుగ కూర్చుండునపుడు, తమకు పెన్సిలు పట్టువాడు ఎవరని ముందే అడిగి మరీ జతలు కుదుర్చుకొనుచున్నారు.